కడగని ముక్క

యేసన్నది యాడికి అనే ఊరు. అనంతపురంలో ఒక ఆసుపత్రి ప్రయోగశాలలో పద్దెనిమిదేళ్లు పనిచేశాడు. చనిపోయినవాళ్ల శరీరాల నుంచి తీసిన ముక్కలను మందులో నానబెట్టి, మైనంలో పోతపోసి, పొరలుగా కోసి గాజుపలకల మీద పరిచేవాడు. మందులో వేసేముందు నెత్తురంతా పోయేదాకా ముక్కను కడిగేవాడు. కడగకపోవడమంటే అతనికి మాంసం అలాగే పొయ్యి మీద పెట్టడం లాంటిదే.

పంతొమ్మిది వందల అరవై ఆరులో వానలు లేవు. ఊడ్చే పని నుంచి ఆ గదిలోకి వచ్చిన సుంకమ్మకు ప్రయోగశాల చూసుకునే డాక్టరమ్మ పని నేర్పుతోంది. అది యేసన్నకు గిట్టలేదు. పొరలకు కొత్త రంగులద్దడం నేర్చుకోవడానికి ఒక్కరినే మద్రాసు పంపుతారని తెలిశాక సుంకమ్మ నవ్వు కూడా గిట్టలేదు.

ఒకరోజు డాక్టరమ్మ మైక్రోస్కోపు మీంచి తలెత్తింది.

"ఈ కాలేయం ముక్క మందులో వేసిందెవరు? నాళంలో నెత్తురు అలాగే ఉంది."

"సుంకమ్మే," అన్నాడు యేసన్న వెంటనే. "నేను జెప్పినా ఇనల్యా డాక్టరమ్మా."

"నీళ్లు యాడుండాయి?" అంది సుంకమ్మ. "నీ చెమటతో కడగల్లా అన్నా?"

డాక్టరమ్మ నవ్వి, అతన్ని చూడమంది.

రక్తనాళం లోపలి గోడ మీద పలచని నీలి పూత. పూత ఉన్నచోట చుట్టూ కాలేయం మెత్తగా ఉంది. చెరిగినచోట నారలు పేరుకుని మచ్చలా గట్టిపడింది.

"గోడను కాచేది ఇదేనేమో. ఇంకా చాలా చూడాలి," అంది డాక్టరమ్మ. "ఇన్నాళ్లూ మనమే దీన్ని కడిగేశామేమో."

మనం అంది. నువ్వు అనలేదు. అదే అతనికి గుచ్చుకుంది.

మద్రాసుకు సుంకమ్మ పేరు రాశారు. వెళ్లేలోగా ఆ కాలేయం ముక్క మీదే ఆమెకు పొరలు కోయడం నేర్పమని యేసన్నకు చెప్పారు.

మొదటిరోజు అతను కత్తి వాలు కొంచెం తప్పించి పెట్టాడు. పొరలన్నీ చిరిగాయి.

"నీ మాదిరి రాల్యా అన్నా," అంది సుంకమ్మ. "ఆడ నగుతారేమో."

"చెయ్యి తిరగల్ల," అన్నాడు. ఆమె నమ్మింది. పొద్దుగూకేదాకా కోస్తూనే ఉంది.

ఆమె వెళ్లాక చూశాడు. ఆ కాలేయం ఉన్న మైనపు దిమ్మ సగానికి అరిగింది. ఇంకొక్క రోజు ఇలాగే చిరిగితే ఆ నీలి పూత ఎవరికీ కనిపించదు. చాలాసేపు కత్తి ముందు నిలబడ్డాడు.

మర్నాడు వాలు సరిచేసి పక్కకు జరిగాడు.

మొదటి పొర చిరగకుండా లేచింది.

"వచ్చె అన్నా!"

అతను వంగి చూశాడు. తను కోసేదానికంటే పలచగా ఉంది.