నొక్కి పట్టిన చేతులు

డెంకణికోట పక్క మా చేన్లో పండిన రాగులన్నీ అడవి ఏనుగులకే పెట్టి విసుగొచ్చి, హోసూరు ఫ్యాక్టరీలో ఇనుప రేకులు నొక్కే ప్రెస్సు మిషన్ మీద చేరినాను. సాయంత్రం నేను గడప తొక్కంగానే నా పెండ్లాం మొదట చూసేది నా చేతుల్ని. మొగం ఆ తర్వాతే. పక్క మిషన్ ఆయప్పకు వేళ్ళు తెగినప్పటి నుంచీ ఆమెకు అదే అలవాటు.

ఆ ప్రెస్సుకు రెండు బటన్లు. ఇనుప దిమ్మె దిగి మళ్ళీ లేచేదాకా రెండు అరచేతులతో రెండిటినీ నొక్కి పట్టల్ల. చేతులు ఆడ ఉంటే దిమ్మె కిందికి పోవు కదా. ఆయప్ప పని తొందరగా కావల్లని ఒక బటన్లో పుల్ల ఇరికించినాడు, ఖాళీ అయిన చెయ్యి దిమ్మె కిందికి పోయింది. నేను మాత్రం ఏనాడూ చెయ్యి ఎత్తలేదు.

ఎనభైల్లో కంప్యూటర్ మిషన్లు వచ్చినాయి. తలుపు మూస్తే లోపల ఇనుమును అదే కోసుకుంటాది, మన వేళ్ళతో పని లేదు. కంప్యూటర్ ముందర కూర్చొని పాఠాలు నేర్చుకొని పరీక్ష పాసయితే ఆ మిషన్ ఇస్తామన్నారు. లేదంటే ప్రెస్సే గతి. ఆ మాట వినంగానే నా పెండ్లాం ఇంటి దేవరకు మొక్కుకునింది.

తెర మీద ప్రశ్న వస్తాది, జవాబు నంబరు నొక్కల్ల. నేను ఒకటి నొక్కి పట్టితే తెరంతా ఒకట్లే, చీమలబారు మాదిరి! వెంటనే తప్పని కుయ్యిమంటాది. నాకు ఒళ్ళు మండిపోయేది. పాఠం చెప్పే మద్రాసమ్మది నా కూతురి వయసు. ఊరికే తాకి ఎత్తేయండన్నా అని అరవంలో చెప్పి చెప్పి అలిసిపోయింది. ఎత్తితే వేళ్ళు పోతాయని ఏండ్ల తరబడి నేర్పిన చెయ్యి ఒక్కసారిగా ఎట్లా వింటాది?

సంగతి విని నా పెండ్లాం కడుపుబ్బ నవ్వింది. చాటలో బియ్యం పోసి నా ముందరికి తోసి, రాళ్ళు ఏరమనింది. రాయిని గట్టిగా నొక్కితే బియ్యంలోకి దిగిపోతాది, వేలి కొసతో తాకి ఎత్తల్ల. మగోడు వాకిట్లో చాట ముందరేసుకుంటే వీధి ఊరుకుంటాదా? ఉద్యోగం పోయిందా అప్పా అని అడిగినారు. అడగనీలే అని పొద్దునా సాయంత్రం ఏరుతానే ఉండినాను. మా ఇంట్లో అంత శుభ్రమైన అన్నం ముందెన్నడూ తినలేదు.

పరీక్ష రోజు మొదటి ప్రశ్నకే చెయ్యి బిగుసుకుపోయింది. రాయి, రాయి అని లోపల్లోపల అనుకుంటా తాకి ఎత్తినాను. తెర మీద ఒకే ఒక్క అంకె. అబ్బ, ఎంత సంతోషమైందో! కొన్ని తప్పులు పోయినా పాసయినాను.

ఇంటికి వచ్చి చెప్తే ఆమె పొయ్యి కాడికి పోయి కొంగుతో కండ్లు తుడుచుకునింది.

కొత్త మిషన్ ఎక్కిన కొన్నాళ్ళకు, ఒక సాయంత్రం గడప తొక్కినాను. ఆమె నేరుగా నా మొగంలోకి చూసింది.

"ఏమయ్యా, అలిసిపోయినట్టుండావే?" అనింది.

చేతుల పక్క చూడనే లేదు.