ఫోర్‌మన్ గారి గడ్డ

బస్సు బాడీలు కట్టే షెడ్డులో ఫోర్‌మన్‌కు నోరే పెద్ద పనిముట్టు. వెల్డరు చేయి వణికితే "గాజులు తొడుక్కో" అనేవాడు. పెయింటరొకడు హెర్నియా ఆపరేషన్‌కు సెలవడిగితే, నెల్లాళ్లు వాడి నడకను అనుకరించి అందరినీ నవ్వించాడు.

అలాంటి మొనగాడికి నలభయ్యో ఏట, స్నానం చేస్తుంటే ఎడమ వృషణంలో గోళీకాయంత గట్టి గడ్డ తగిలింది. నొప్పి లేదు. మహాధైర్యవంతుడు కదా, ఎవరికీ చెప్పలేదు. రోజూ తలుపు గడియ పెట్టుకుని తడుముకోవడం, కుళాయి తిప్పి ఆ చప్పుడులో ఏడవడం. అంతే అతని పౌరుషం.

భార్య దర్జీ. మనిషి చిక్కితే ఆమె టేపు అబద్ధం చెప్పదు.

"ప్యాంటు నడుం రెండంగుళాలు లోపలికి కుట్టాను. ఏం దాస్తున్నారు?"

"అక్కడ... గడ్డ."

"ఎన్నాళ్లుగా?"

"ఆర్నెల్లు."

"ఆర్నెల్లా! నోటికి లేని సిగ్గు దానికొచ్చిందా? పదండి."

సర్జన్ ఆడమనిషని తెలిసి గుమ్మంలోనే వెనక్కి తిరిగాడు. భార్య చొక్కా పట్టి లాగింది.

స్కానింగ్ చూసి డాక్టరమ్మ అంది: "క్యాన్సర్ కావచ్చు. కానీ లోపల ఉల్లిపాయ పొరల్లా ఉంది, రక్తపరీక్షలూ బాగున్నాయి. అచ్చం క్యాన్సర్‌లా కనిపించే మామూలు గడ్డలు అరుదుగా ఉంటాయి. ముందు గడ్డ మటుకే తీసి, మీరు బల్ల మీద ఉండగానే పరీక్ష చేయిస్తాం. క్యాన్సరని తేలితే ఆ వృషణం తీసేయాల్సిందే."

"అయితే నా మగతనం?"

"రెండోది ఉందిగా. ఆర్నెల్లు ఊరుకోవడం మగతనం కాదండీ, మూర్ఖత్వం."

గడ్డలో దొరికింది తెల్లటి ముద్ద, లోపల పోగుపడిన చర్మపు పొట్టు. క్యాన్సర్ కాదు. వృషణం దక్కింది, మనిషి మారలేదు. షెడ్డుకు తిరిగొచ్చిన రోజే తొట్టి బోర్లించి, దానిమీద నిలబడి మొదలెట్టాడు: "క్యాన్సర్ని మట్టి కరిపించానురా!"

మందులు మరిచిపోతే ఇవ్వడానికి వచ్చిన భార్య చెవిన అది పడింది.

"క్యాన్సరూ లేదు, కాకరకాయా లేదు. చర్మపు పొట్టు," అంది అందరికీ వినిపించేలా. "మీలో ఎవరికైనా గడ్డ తగిలితే ఈయనలా బాత్రూంలో కూర్చుని ఏడవకండి. మర్నాడే చూపించుకోండి. అందరికీ ఇలా ఉత్తగడ్డే అవదు."

మరుసటి వారం షెడ్డులోని ఫిట్టరొకడు గుట్టుగా ఆసుపత్రికి వెళ్లొచ్చాడు. ఫోర్‌మన్ మాత్రం తన వీరగాథ ఇప్పటికీ చెబుతూనే ఉన్నాడు. కాకపోతే ముందు గేటు వైపు ఒకసారి చూసుకుంటాడు.