లచ్చన్న లెన్సుకు కొత్త మరలు

నేను ఏడో తరగతిలో బడి మానేశానని మా ఇంట్లో గౌరవంగా చెప్పుకుంటారు. నిజానికి బడే నన్ను మానేసి హాయిగా ఊపిరి పీల్చుకుంది. అయినా కొన్ని పాఠాలు నాకు ముక్కులోంచి ఎక్కాయి. ఈ ఉదయం మహబూబాబాద్‌లో నా ఫొటో స్టూడియో పక్కనున్న లేత్ షాపులో ఎవరో ఇనుముకు మరలు, అదే స్క్రూ చుట్లు, కోస్తున్నారు. వేడెక్కిన నూనె వాసన గుమ్మం దాటి లోపలికి రాగానే, నా కుడి మణికట్టు మీద వణికే చేయి ఒకటి వచ్చి వాలినట్టయింది. అది లచ్చన్న చేయి.

జనగామలో లచ్చన్నకు చిన్న స్టూడియో ఉండేది. లైటు స్టాండు మోసే పనికి చేరిన నన్ను కెమెరా పట్టేదాకా తెచ్చింది ఆయనే. నేను నోరు తెరిస్తే పెళ్లివారు నవ్వేవారు. ఆ నవ్వుల్ని ఆయన ఫొటో తీసేవాడు. నా నోరు ఆయనకు రెండో ఫ్లాష్ లైటట. కొన్నాళ్లకు ఆయన చేతులకు వణుకు వచ్చింది. దవాఖానల చుట్టూ తిరిగినా తగ్గలేదు. చేత్తో పట్టి తీసిన ఫొటోలన్నీ అలుక్కుపోతుంటే, పెద్ద లెన్సును మూడుకాళ్ల స్టాండుకు బిగించి తీయడం మొదలుపెట్టాడు. ఇక ఆయన బతుకుతెరువంతా ఆ స్టాండు మీదే నిలబడింది.

అప్పుడే భూపాలపల్లి నుంచి ఒకామె ఫోను చేసింది. తన పెళ్లి ఫొటోలు తీసిన లచ్చన్నే తన కూతురి పెళ్లికీ రావాలని పట్టుబట్టింది. ఆయన ఒప్పుకున్నాడు. తీరా సామాను సర్దుతూ చూస్తే, లెన్సును స్టాండుకు కలిపే కింది లోహపు కాలులో, స్టాండు స్క్రూ ఎక్కే రంధ్రంలో మరలన్నీ అరిగిపోయి ఉన్నాయి. స్క్రూ తిరుగుతుంది గానీ పట్టదు. లెన్సు తల వాల్చేస్తోంది. లచ్చన్న వేరేవాళ్లను చూసుకొమ్మని ఆమెకు చెప్పడానికి ఫోను అందుకున్నాడు. ఆయన వదులుకుంటున్నది ఆ ఒక్క పెళ్లిని కాదని నాకు అర్థమైంది.

గమ్ పోసి స్టాండుకే అతికిద్దామన్నాను.

"మల్ల ఊడదీసుడెట్లరా? పెండ్లి మండపంలనే దానికి గూడ కాపురం పెట్టిస్తవా?" అన్నాడు.

అంటూనే నవ్వాడు. నాకు అది చాలు. ఫోను ఆయన చేతిలోంచి తీసి పక్కన పెట్టాను.

లోహపు పొట్టు గాజులోకి పోకుండా, ముందు ఆ కాలును లెన్సు నుంచి విప్పేశాం. బస్టాండు వెనక లేత్ షాపతను రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి, అందులో బిగించడానికి చిన్న ఇత్తడి గొట్టం చేసిచ్చాడు. ఆ గొట్టానికి లోపల స్టాండు స్క్రూకు సరిపోయే మరలున్నాయి, బయటా మరలున్నాయి. అయితే గొట్టం ఎక్కాలంటే పెద్దదైన రంధ్రంలోనూ మరలు కోయాలి. ఆ పని మెషీన్ మీద వద్దు, చేత్తోనే అన్నాడు లచ్చన్న. మరలు కోసే పనిముట్టుకు నూనె రాసి నా చేతికిచ్చాడు. నేను నా స్వభావం కొద్దీ ముందుకే తిప్పుతూ పోయాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగు అయిలయ్యా. సగం చుట్టు ముందటికి, పావు చుట్టు ఎనుకకు. లోపల పొట్టు తెగాలె. ఊకె ముందటికే పోతే నడుమల ఇరుగుతది."

లోహం బిగుసుకోవడం నా చేతికన్నా ముందు ఆ వణికే చేతికి తెలిసేది. కొంచెం నొక్కేవాడు, నేను వెనక్కి తిప్పేవాణ్ణి. అంతసేపు జోకు వేయకుండా ఉండడం నా జన్మలో అదే మొదలు. ఇత్తడి గొట్టం బిగించి లెన్సును స్టాండు మీద నిలబెట్టాం. తల వాల్చలేదు.

భూపాలపల్లిలో, బటన్ నొక్కితే ఆయన వేలి వణుకు స్టాండుదాకా పాకుతోందని తేలింది. కన్ను ఆయనది, వేలు నాది అని ఒప్పందం చేసుకున్నాం. జీలకర్ర బెల్లం పెట్టి తెర దించుతుండగా ఆయన నా భుజం తట్టాడు, నేను బటన్ నొక్కాను. పెళ్లికూతురు కళ్లెత్తడమూ, వెనకాల తల్లి కొంగుతో కళ్లు ఒత్తుకోవడమూ ఒకే ఫొటోలో చెక్కినట్టు వచ్చాయి. ఆ తర్వాత కొన్నేళ్లపాటు మేమిద్దరం ఒకే ఫొటోగ్రాఫరుగా బతికాం.

ఆ లెన్సు ఇప్పుడు నా దగ్గరుంది. ఏ మర తిప్పినా నా చేయి ఓసారి వెనక్కి వచ్చి గానీ ముందుకు పోదు. నోటికి కూడా ఆ అలవాటు చేద్దామని చూస్తున్నాను, ఇంకా పట్టుబడలేదు. లచ్చన్న పోయాక జనగామ వెళ్లి ఆయన భార్య దగ్గర కూర్చున్నాను. ఎలాగైనా ఆమెను నవ్విద్దామని, "అన్న నాకు పని ఇచ్చిండు, లెన్సు ఇచ్చిండు, స్టాండు ఇచ్చిండు. ఆ వణుకొక్కటి ఇయ్యకుండ దాసుకొని పోయిండు వదినా" అన్నాను.

ఆమె చాయ్ గ్లాసు నా ముందు పెట్టింది.

"అది గూడ ఇచ్చే పోయిండు అయిలయ్యా. ఆయన పేరెత్తినప్పుడు నీ గొంతు జర ఇనుకో."