ఏడవని పిల్లకు మందు లేదు

మా మనవరాలికి ఆపరేషన్ చేసి, నొప్పి తగ్గే మందు చుక్క పోయకుండా పగలంతా పడుకోబెట్టారు. మందు లేక కాదు. పిల్ల ఏడవలేదని.

ఇది తొంభైల నాటి మాట. పటాన్‌చెరు దాటాక రోడ్డు పక్కన ఉండే ఒక ప్రైవేటు ఆసుపత్రి. పిల్లకు ఆరేళ్లు. గజ్జ దగ్గర ఉబ్బు కనబడితే హెర్నియా అన్నారు, చిన్న ఆపరేషనే అన్నారు. నా కొడుక్కి కాజీపల్లి మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు. కోడలు లక్డారంలో పసిబిడ్డతో ఇంట్లో ఉంది. అందుకని మంచం పక్కన స్టూలు మీద నేనే కూర్చున్నాను.

మత్తు దిగి పిల్ల కళ్లు తెరవగానే నర్సు వచ్చి చెంప తట్టింది. ఆ వార్డులో ప్రతి పిల్లకూ చెప్పే మాటే చెప్పింది.

"మంచి పిల్లవు గదా, ఏడ్వొద్దు. ఏడ్సినోళ్లకు పెద్ద సూది ఏస్త."

నవ్వుతూనే అంది. పిల్ల నవ్వలేదు. మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని గోడవైపు తిరిగింది. బిస్కెట్ ఇస్తే తినకుండా గుప్పిట్లోనే పట్టుకుంది. అది చెమటకు మెత్తబడి విరిగిపోయింది. ఒంటికి పోయించడానికి లేపబోతే నా చొక్కా పట్టుకుని పళ్లు బిగించింది. "నొస్తుందా బిడ్డా?" అంటే తల అడ్డంగా ఊపింది.

పక్క మంచం మీద గుమ్మడిదల పిల్లవాడు. వాడి మోచేతికి ఆపరేషన్. వార్డు దద్దరిల్లేలా ఏడ్చాడు. నర్సు వాడికి సూది వేయలేదు, సీసాలోంచి చెంచాడు మందు పోసింది. కాసేపటికి నిద్రపోయాడు. వాళ్లమ్మ నావైపు తిరిగి నవ్వింది.

"మావోడు కంపెనీ సైరన్ తాతా. గందుకే మందు జల్దీ దొరికింది. నీ మనవరాలు బంగారం, సప్పుడే లేదు."

ఆ మెప్పుకు నా ఒళ్లు మండింది. లేచి నర్సు బల్ల దగ్గరికి వెళ్లాను.

"అమ్మా, మా పిల్లకు గా మందు ఎందుకియ్యలే?"

"ఏడుస్తలేదు గదా తాతా. నొప్పుంటేనే ఇయ్యమన్నరు డాక్టర్ సాబ్."

"ఉన్నదో లేదో ఎవలు జెప్పాలె?"

"పిల్లనే జెప్తది."

"జెప్తే సూదేస్తనంటివి గదమ్మా."

"గది ఊకె అంటం, అందరికీ అంటం. నువ్వు పోయి కూసో, జెర పని చేసుకోనియ్యి."

తిరిగొచ్చి పిల్ల చెవి దగ్గర వంగాను. సూది కాదు, చెంచాతో పోసే తియ్యటి మందేనని చెప్పి, నిద్రపోతున్న పిల్లవాణ్ణి చూపించాను. చాలాసేపు నమ్మలేదు.

"ఒట్టు?"

"ఒట్టు."

అప్పుడు, గొంతు పైకి రానివ్వకుండా, "మస్తు నొస్తుంది తాతా" అంది.

ఈసారి వార్డంతా వినబడేలా నర్సును పిలిచాను. వచ్చి పోసింది. దీపాలు పెట్టే వేళకు పిల్ల మోకాళ్లు చాపుకుంది.

నేను బడి మొహం చూడలేదు. పొట్లాల కాగితాలు చదివి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. అయినా అడుగుతాను. నోరు మూయించింది మీరే, నోరు తెరవలేదని మందు ఆపిందీ మీరే. ఇదెక్కడి వైద్యం? మా ఊళ్ల చుట్టూ పీల్చే గాలి కూడా మందుల కంపే. ఆ మందు ఒక్క చెంచాడు పిల్ల నోటిదాకా రావడానికి పగలంతా పట్టింది.

కుట్లు విప్పించడానికి వెళ్లినప్పుడు పెద్ద నర్సును పట్టుకున్నాను. ఆ సూది మాట మానేయండి, ఏడ్చినా ఏడవకున్నా వేళకు మందు మీరే పోయండి అన్నాను. తర్వాత చెప్తానంది. బెంచీ మీద కూర్చున్నాను, కదలలేదు. మధ్యాహ్నం దాటాక ఆమే వచ్చి, కోపం లేకుండా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు నిదానంగా చెప్పింది:

"గట్ల బెదిరియ్యకుంటే పోరగాండ్లందరు ఒక్కపారే ఏడుస్తరు పెద్దయ్యా. గప్పుడు నిజంగ ఎవలకు నొస్తుందో మాకెట్ల దెలుస్తది?"