లాంగుల్య అంటే ఏటి, మేడం?

2022 అక్టోబరు. అప్పట్లో నేను ఆమదాలవలస అవతల, నాగావళి ఒడ్డున ఉన్న ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సీనియర్ అసిస్టెంటుని. పాఠాలు చెప్పే ఉద్యోగం కాదు. అడ్మిషన్లు, టీసీలు, స్కాలర్‌షిప్పులు, జీతాల బిల్లులు, ఇలా బడికి సంబంధించి కాగితం మీద ఉండేదంతా నా బల్ల మీదుగానే వెళ్తుంది. ఏటా దసరా సెలవులు అవగానే పదో తరగతి నామినల్ రోల్స్ పని మొదలవుతుంది. పరీక్ష రాసే పిల్లల పేర్లు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీలు పరీక్షల శాఖకు పంపే జాబితా అది. అందులో ఏ పేరు వెళ్తే అదే మార్కుల మెమో మీద వస్తుంది. ఆ తర్వాత కాలేజీకైనా, ఉద్యోగానికైనా, పాస్‌పోర్టుకైనా మెమో మీద పేరే పేరు. అందుకే జాబితా పంపే ముందు ఒక్కొక్కరినీ పిలిచి, వివరాలు చూపించి సంతకం పెట్టించుకుంటాం.

ఆ రోజు కంప్యూటర్ లిస్టు చూసి "లాంగూల్య" అని పిలిచాను. బయట వరుసలో నిలబడ్డ మగపిల్లలు కిసుక్కున నవ్వారు. సన్నగా, రెండు జడలతో ఉన్న అమ్మాయి లోపలికొచ్చి కాగితం వైపు చూడకుండానే అంది.

"మేడం, నా పేరు మార్సీగలరా? లాస్య అని రాసీయండి."

"ఎందుకమ్మా? బాగానే ఉందిగా."

"మీకు బాగానే ఉంటాది మేడం. నన్ను బడంతా తోక అంటన్నారు."

తొమ్మిదో తరగతిలో ఒక తెలుగు పాఠంలో లాంగూలం అనే మాట వచ్చిందట. వెనక అర్థాల పట్టికలో 'తోక' అని ఉంది. ఆ రోజు నుంచి ఆమె తరగతిలోకి వస్తుంటే "తోకొచ్చింది", వెళ్తుంటే "తోకెళ్లిపోయింది" అనడం మొదలైంది. తెలుగు మాస్టారు నలుగురి చేత గోడకుర్చీ వేయించినా ఆగలేదు. ఈ పేరు ఇంకెవరికైనా ఉన్నాదా అని ఫోన్లో వెతికితే ఒక్కరూ కనబడలేదట.

"తాతకి సెప్పకండి మేడం. ఈ పేరు ఆయనే పెట్టేడు" అంది చివరికి, గొంతు తగ్గించి.

పేరు మార్చడం నా చేతిలో పని కాదని, అమ్మనీ, బర్త్ సర్టిఫికెట్నీ తీసుకురమ్మని చెప్పి పంపాను.

మర్నాడు కూతుర్ని వెంటబెట్టుకుని తల్లి వచ్చింది. పొలం పని మధ్యలో వచ్చినట్టుంది, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకునే ఉంది. సర్టిఫికెట్ నా చేతికిచ్చి, "మా మావ పెట్టిన పేరు మేడం. అర్థమేటో నాకూ తెల్దు. ఏదో అమ్మవారి పేరనుకున్నాను" అంది.

నేను సర్టిఫికెట్ పక్కన మా లిస్టు పెట్టి సరిచూశాను. ఇంగ్లీషులో అక్షరాలు ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్లి ఒకచోట ఆగిపోయాను. సర్టిఫికెట్లో జి తర్వాత యు ఉంది. మా లిస్టులో రెండు ఓలు ఉన్నాయి. సర్టిఫికెట్ ప్రకారం ఆ అమ్మాయి లాంగుల్య. మా బడిలో లాంగూల్య.

ఆరో తరగతిలో చేర్చుకున్నప్పటి అడ్మిషన్ రిజిస్టర్ తీశాను. దానికి జతచేసిన, ఎలిమెంటరీ స్కూల్ పంపిన రికార్డు షీట్లో తెలుగులో పొందికగా 'లాంగుల్య' అని రాసి ఉంది. దాన్ని ఇంగ్లీషులోకి మార్చి కంప్యూటర్లో ఎక్కించింది నేను. పూజకీ, రూపకీ రెండేసి ఓలు కొట్టి కొట్టి అలవాటైన చెయ్యి ఇక్కడా అదే పని చేసింది. హాజరు పట్టీలు ఆ కంప్యూటర్ నుంచే తీస్తాం. అయిదేళ్లుగా మాస్టర్లంతా దాన్ని చూసే దీర్ఘం తీసి పిలుస్తున్నారు.

తెలుగు మాస్టారిని పిలిచి అడిగాను. ఆయన కాగితం చూసి నుదురు కొట్టుకున్నారు. "దీర్ఘం ఉంటేనే తోక అండీ. ఇది మన నాగావళికి పాత పేరు. నాకు తట్టనే లేదు."

నా ముఖం ఎలా ఉందో నాకు తెలియదు కానీ, ఆ అమ్మాయి నన్నే చూస్తోంది. సర్వీసులో చేరిన ఇరవై రెండేళ్లలో ఒక విద్యార్థికి క్షమాపణ చెప్పడం అదే మొదటిసారి.

"తప్పు నాదమ్మా. ఆ తోక తగిలించింది నేనే. నువ్వెప్పుడూ చెప్పలేదేం?"

"ఆఫీసులో రాసేరంటే అదే రైటు అనుకున్నాను మేడం. ఇంటి దగ్గర నన్నెవులూ ఈ పేరుతో పిలవరు."

ఈ పేరు ఇంకెవరికైనా ఉందేమో చూడమని ఆమె అడిగితే పాత రిజిస్టర్లు కూడా దించాను. బడి పెట్టినప్పటి నుంచీ ఉన్నాయి. తల్లీ, కూతురూ, నేనూ బల్ల చుట్టూ కూర్చుని వెతికాం. మొదటి రిజిస్టర్ల నిండా అప్పలనర్సమ్మలు, పైడితల్లులు, అసిరమ్మలు. ఆ తర్వాత కొన్నేళ్లు ఎటు చూసినా లక్ష్ములు, ఆ పైన లావణ్యలు, మౌనికలు. ఇప్పుడొస్తున్న వాళ్లలో హర్షితలూ, జాహ్నవులూ. ఒకచోట తల్లికి తన పేరే కనబడింది. "ఇదిగో, ఈ గౌరమ్మ నేనే" అని కూతురికి చూపించి మురిసిపోయింది. లాంగుల్య మాత్రం ఇంకెక్కడా లేదు. మొత్తం బడి చరిత్రలో ఈ పిల్ల ఒక్కతే.

"అయితే మార్సుకోనా మేడం?" అంది లాంగుల్య. ఆమెకింకా ధైర్యం చాలలేదు. శుక్రవారం లోగా ఏదో ఒకటి చెప్పమన్నాను.

గురువారం పొద్దున్నే మెట్ల దగ్గర ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. మోకాళ్ల దాకా పంచె, భుజం మీద తువ్వాలు. పక్కన తలొంచుకుని మనవరాలు. కోడలు విషయం చెప్పేసిందన్నమాట. గొడవ తప్పదనుకుంటూ లోపలికి రమ్మన్నాను.

ఆయన కాలువ మీద లస్కర్‌గా చేసి రిటైరయ్యాడు. తూముల తలుపులు ఎత్తీ దించీ పొలాలకు నీళ్లు వదిలే ఉద్యోగం అది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఇది పుట్టిన ఏడు చినుకు నేదు మేడంగారూ. ఆకుమళ్లలో నారు ఎండిపోతన్నాది. ఒరే లస్కరూ, తలుపెత్తరా అని రైతులంతా నా మీద పడిపోయేరు. ఏట్లో నీళ్లు నేకపోతే నానేటి ఎత్తీసేది? ఈ గుంట పుట్టిన రోజు తెల్లారి సూద్దును కదా, పైన వాన పడి ఏరు నిండుగా వస్తన్నాది. నా సేత్తోనే తలుపెత్తేను. ఆ బురదకాళ్లతోనే ఆస్పత్రికి ఎల్తే, కడుక్కు రమ్మని నర్సమ్మ తగిలేసింది."

"మరి పేరు?" అన్నాను.

"ఏటికి స్నానానికొచ్చే పూజారిగారొకాయన సెప్పేవోరు. పూర్వం కరువొచ్చి జనం ఏడిస్తే బలరాముడు నాగలట్టుకుని నేల మీద ఒక సాలు లాగేడంట. ఆ సాలే మన ఏరంట. నాగల్ని లాంగలం అంటారంట, అందుకే ఏటికి లాంగుల్య అని పేరు. కరువు తీర్సిన ఏరు కదమ్మా. ఆ పొద్దు నాకింకే పేరూ తోసలేదు."

లాంగుల్య తలెత్తి తాతను చూసింది. "మరి నువ్వెప్పుడూ అమ్మలూ అనే పిలుస్తావు?"

"నాకు నోరు తిరిగితే కదే. మర్సిపోతానేటోనని ఆస్పత్రి దాకా దారంతా అనుకుంటూ ఎల్లేను. నర్సమ్మకి సెప్పీసి బరువు దించీసుకున్నాను."

ముందు నవ్వింది ఆ పిల్లే. తర్వాత నేనూ ఆపుకోలేకపోయాను.

ఆయన మాత్రం నవ్వలేదు. "పేరు దానిది మేడంగారూ. లాస్య కావాలంటే లాస్యే రాయండి. నాకూ తేలిగ్గా పలుకుతాది" అన్నాడు నిజంగానే.

లాంగుల్య నా వైపు తిరిగింది. "మార్సొద్దు మేడం. ఆ రెండు ఓలు తీసీండి సాలు. కానీ ఈ సంగతి మీరే అందరికీ సెప్పాలి."

ఆఫీసు వాళ్లం ప్రార్థన సమయంలో మాట్లాడే అలవాటు లేదు. శుక్రవారం హెడ్మాస్టరు అనుమతి తీసుకుని మైకు ముందు నిలబడ్డాను. తప్పు ఎవరిదో, ఎలా జరిగిందో దాచకుండా చెప్పాను. తర్వాత, నేను రమ్మంటే వచ్చిన తాతగారు మైకు అక్కర్లేకుండానే, కాలువ మీద రైతుల్ని కేకేసే గొంతుతో ఏరు కథ చెప్పాడు. ఆయన ముగించాక వెనక వరుసలోంచి ఒకడు, అందరికన్నా ఎక్కువ ఏడిపించినవాడే, చెయ్యెత్తాడు.

"తాతా, నా పేరు హేమంత్. దానికేటి అర్థం?"

"నాకేటి తెల్సురా బాబూ? మీ తాతనడుగు."

మైదానమంతా నవ్వులు. ఆ వారం తెలుగు మాస్టారికి ఊపిరాడలేదు. ఇంటర్వెల్ అయితే చాలు, పిల్లలు తమ పేర్ల అర్థాల కోసం ఆయన చుట్టూ మూగేవారు. అసిరినాయుడనే కుర్రాడు తన పేరు అసిరితల్లి అనే గ్రామదేవత పేరని తెలిసి రెండు రోజులు ఛాతీ విరుచుకుని తిరిగాడు. హాజరు పిలిచేటప్పుడు మాస్టర్లు ఎవరైనా పాత అలవాటు కొద్దీ దీర్ఘం తీస్తే, తరగతంతా ఒక్కసారిగా "లాంగుల్య" అని సరిదిద్దేది. మార్చిలో హాల్ టిక్కెట్లు వచ్చినప్పుడు ఆ పిల్ల తనది తీసుకుని, పేరు మీద వేలు పెట్టి చదువుకుని, బాగుందన్నట్టు నాకేసి తలూపి వెళ్లింది.

ఒక్క అక్షరమే కదా అనుకోవడం మా ఉద్యోగంలో తేలిక. వందల పేర్లు ఎక్కిస్తాం, ఒకటీ అరా తేడా వస్తే దరఖాస్తు పెట్టుకుంటే దిద్దుతాం. కానీ దరఖాస్తు పెట్టొచ్చని పదకొండేళ్ల పిల్లకి తెలియదు. మనం రాసిందే తన పేరనుకుని అయిదేళ్లు మోస్తుంది. అందుకే ఇప్పుడు అడ్మిషన్ల రోజుల్లో ముందు పిల్లల చేత పేరు పైకి చెప్పించుకుంటున్నాను. రాశాక తెర వాళ్ల వైపు తిప్పి, చదవమంటున్నాను. వరుస నెమ్మదిగా కదులుతోందని తల్లిదండ్రులు విసుక్కుంటారు. విసుక్కోనీ. ఎదురుగా ఉన్న పిల్ల చదివి, సరిగ్గానే ఉన్నాది అన్నాకే తర్వాతి పేరు.