ఖాళీ చూడలేని గుంపు బాబాయ్

మా గుంపు బాబాయ్‌కి ఖాళీ పడదు. కొందరికి దుమ్ము పడదు, కొందరికి చల్లగాలి పడదు, ఈయనకి ఖాళీ కుర్చీ పడదు. ఎక్కడ జానెడు చోటు ఉత్తగా కనిపించినా రెండు చేతుల వేళ్ళూ కలిపి చట్రంలా పట్టి, ఒక కన్ను మూసుకుని అందులోంచి చూసి, "ఫ్రేము ఖాళీగా ఉంది" అంటాడు. అని ఊరుకోడు. దారినపోయే మనిషిని రెక్క పుచ్చుకుని తెచ్చి ఆ చోట్లో నిలబెట్టేదాకా ఆయనకి ముద్ద దిగదు.

ఆయన పని అలాంటిది. సినిమాల్లో బజారు, కోర్టు, పెళ్ళి, కొట్లాట, ఇలాంటి సీన్లకి జనాన్ని తీసుకెళ్ళి నిలబెడతాడు. వయసులో నాకన్నా చిన్నవాడే. వీధంతా బాబాయ్ అంటుంటే నాకూ అదే అలవాటైంది. ఆయనేమో నన్ను వదినా అంటాడు. ఈ లెక్కన మా చుట్టరికం ఏమిటని మా ఆయన్ని అడిగితే పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

మాది సినిమా పనివాళ్ళుండే వీధి, దాని సంగతి కూడా చెప్పాలి. ఇక్కడ కొత్తగా కాపురం పెట్టినవాళ్ళకి మొదట్లో గుండె జారిపోతుంది. టీ కొట్టు దగ్గర నిలబడ్డ పోలీసులు నిజం పోలీసులు కారు. చొక్కా నిండా నెత్తురుతో ఒకతను కూరగాయలు బేరమాడుతుంటే ఎవరూ కంగారుపడరు, మధ్యాహ్నం భోజనానికి వదిలారన్నమాట. ఎదురు మేడ మీంచి ఆడగొంతు "నన్ను చంపేస్తున్నాడు" అని కేక వేస్తే, డబ్బింగు చెప్పే అమ్మాయి డైలాగు బట్టీ పడుతోందని మాకు తెలుసు. కొత్తవాళ్ళు కర్ర పట్టుకుని పరిగెడతారు. పాతవాళ్ళు కిటికీలోంచి "ఇందాకటిదే బాగుందమ్మా" అంటారు.

ఒకసారి అందరం బస్టాపులో నిలబడి ఉన్నాం. బాబాయ్ వచ్చి వేళ్ళు కలిపి చూసి పెదవి విరిచాడు.

"ఇదేం నిలబడటం? అందరూ ఒకేవైపు చూస్తుంటే బొమ్మల దుకాణంలా ఉంది. పొడుగాయనా, మీరు వెనక్కి. అమ్మాయ్, నువ్వు చెప్పు సరిచేసుకుంటూ ఉండు. వదినా, మీరు పక్కావిడతో కబుర్లాడండి."

"అది నాకు చెప్పాలా" అన్నాను.

మేం ఎంత సహజంగా నిలబడ్డామంటే, ఇక్కడ బస్సు కోసం ఎవరూ లేరనుకుని డ్రైవరు ఆపకుండా పోయాడు. అందరూ తిట్టుకుంటుంటే బాబాయ్ మాత్రం వెళ్ళిపోతున్న బస్సుని మురిపెంగా చూశాడు. "చూశారా, నమ్మేశాడు" అన్నాడు.

మా ఇంటిల్లిపాదీ ఫొటో తీయించుకున్న రోజూ అంతే. కుడివైపు చోటు మిగిలిందని, వీధిలో కుళాయి బాగుచేసుకుంటున్న మనిషిని పిలుచుకొచ్చి నిలబెట్టాడు. చేతిలో పానా కూడా ఉంది. ఇప్పటికీ మా వాళ్ళొస్తే "ఈయన మీ వైపా, ఆయన వైపా?" అని అడుగుతారు. మా వైపేనంటాను. ముఖంలో కళ ఉంది మరి.

మెస్సులో ఎవరైనా ఒంటరిగా కూర్చుని తింటున్నా ఊరుకోడు. ఎక్కడో తింటున్నవాణ్ణి కంచంతో సహా లేపి తెచ్చి పక్కన కూర్చోబెడతాడు. "బాబాయ్, నా మానాన నన్ను తిననివ్వవా" అని వాళ్ళు విసుక్కునేవారు. ఇది వృత్తి తలకెక్కిన పిచ్చి అనే నేనూ అనుకునేదాన్ని. నవ్వుకునేదాన్ని. మా పక్క వాటాలో డాన్సరమ్మ మంచం పట్టేదాకా అలాగే అనుకున్నాను.

డాన్సరమ్మ వయసులో ఉన్నన్నాళ్ళూ సినిమా పాటల్లో వెనక వరసలో ఆడింది. "నా ముఖం ఎప్పుడూ తెర మీద పడలేదు గానీ అక్కా, నా మోచేయి చాలా హిట్టు" అనేది. పెళ్ళీ పెటాకులూ లేవు. ఆస్పత్రివాళ్ళు ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్ళండన్నారు. తీసుకెళ్ళడానికి వెళ్ళింది నేనూ, గుంపు బాబాయీ.

వచ్చిన వారానికి, కబురు ఎలా అందిందో గానీ, ఆమె అన్నగారి దగ్గర్నుంచి ఫోను వచ్చింది. ఆదివారం పొద్దున చూడటానికి వస్తున్నానని. ఆమె ఇల్లు వదిలి సినిమాల్లోకి వచ్చేసిన రోజు నుంచీ ఆయన మాట్లాడలేదు. ఆ రోజు గుమ్మంలో నిలబడి ఒక్క మాట మాత్రం అన్నాడట: "పో. నువ్వు పోయేనాడు నీ పక్కన మనిషి ఉండదు."

ఫోను పెట్టేశాక డాన్సరమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. గోడనే చూస్తూ అంది, "పోవడానికి నాకేం బెంగ లేదక్కా. ఆయనొచ్చేసరికి ఈ గదిలో ఒక్కదాన్నే పడి ఉంటే, ఆ మాటే నిజమైనట్టు కదూ. ఆయన్ని గెలిపించి పోవాలంటేనే మనసొప్పట్లేదు."

గుమ్మంలో ఉన్న బాబాయ్ అప్పటికే వేళ్ళు కలిపి గది చూస్తున్నాడు. "ఎలా కావాలి?" అన్నాడు.

"ఒక మోస్తరుగా" అంది. "పెళ్ళిలా ఉండకూడదు, రైల్వేస్టేషనులా ఉండకూడదు. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ ఉండాలంతే."

కష్టం ఏమొచ్చిందంటే, ఆ ఆదివారమే ఊరి బయట పెద్ద యుద్ధం సీను మొదలు, వారాల తరబడి సాగేది. బాబాయ్ మనుషులు దాదాపు అంతా ముందే మాటిచ్చి కత్తులు పట్టుకుని పోయారు. అక్కడ పని మానేసి ఆగింది వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంత మందే. విగ్గులు కుట్టే ఆవిడ, పోలీసు వేషాలతను, ఆకుపచ్చ చొక్కా లైటుమనిషి, ఇంకో ఇద్దరు ముగ్గురు. వాళ్ళతో నేనూ.

"మరేం ఫర్వాలేదు" అన్నాడు బాబాయ్. "తిప్పుదాం."

తిప్పడమంటే సినిమావాళ్ళ కిటుకు. జనం తక్కువైతే, కెమెరా ముందు నుంచి నడిచిపోయినవాళ్ళనే వెనకనుంచి చుట్టూ తిప్పి, టోపీయో శాలువానో మార్చి మళ్ళీ ముందు నుంచి పంపిస్తారు. తెర మీద ఊరంతా కదిలొచ్చినట్టుంటుంది. డాన్సరమ్మ వాటాకి వీధి గుమ్మం ఒకటి, వంటింటి వెనక సందులోకి ఇంకో గుమ్మం. బాబాయ్‌కి ఇంకేం కావాలి. వీధి గుమ్మంలోంచి రావడం, మంచం దగ్గర కాసేపు నిలబడటం, వంటింట్లోంచి సందులోకి పోవడం, శాలువా మార్చుకుని మళ్ళీ వీధి గుమ్మానికి రావడం.

అన్నగారు వచ్చారు. నిటారుగా, ఇస్త్రీ మడత చెదరకుండా. మంచం కాళ్ళవైపు కుర్చీలో సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. చెల్లెల్ని ఒకసారి చూశారు, తల తిప్పేసుకున్నారు. అడగవలసినవన్నీ వచ్చిపోయేవాళ్ళనే అడిగారు. "మీరేం అవుతారు?" "మీరేం అవుతారు?"

ఒకావిడ స్నేహితురాలినంది. ఒకతను తమ్ముడిలాంటివాణ్ణన్నాడు. నేను పక్కింటిదాన్నన్నాను. మొదటి చుట్టు చక్కగా సాగింది. రెండో చుట్టులో నేను శాలువా కప్పుకుని, కళ్ళజోడు పెట్టుకుని వచ్చాను.

"మీరు ఇందాకటి పక్కింటావిడ కదూ" అన్నారాయన.

"అది మా చెల్లెలండి."

"ఆవిడకీ గడ్డం మీద ఇక్కడే పుట్టుమచ్చ ఉందే."

"మా ఇంట్లో అందరికీ ఉంటుందండి" అని వంటింట్లోకి జారుకున్నాను. నా వెనక పోలీసతను టోపీ పెట్టుకుని వచ్చాడు. ఆకుపచ్చ చొక్కా లైటుమనిషైతే చొక్కా మార్చడమే మర్చిపోయాడు. "కవలలమండి" అన్నాడు. "బట్టలు కూడా ఒకటే కొంటారు మా ఇంట్లో."

మంచం మీద డాన్సరమ్మ దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. దుప్పటి వణుకుతోంది. పాపం ఏడుస్తోందనుకున్నారు అన్నగారు. ఆమె ఎందుకు వణుకుతోందో మాకు తెలుసు. చాలా రోజులకి ఆమె నవ్వడం అదే.

అన్నగారు లేచి నిలబడ్డారు. "ఈ మనుషుల్ని తిప్పుతున్నదెవరు?"

బాబాయ్ తల వంచుకుని ముందుకొచ్చాడు.

"నేను జీవితమంతా రైల్లో టికెట్లు చూసినవాణ్ణయ్యా. ఒకసారి చూసిన ముఖం మర్చిపోను. ఎందుకీ నాటకం? కూలికి పిలిచావా వీళ్ళని?"

బాబాయ్ అబద్ధం ఆడతాడేమోనని చూశాను. ఆడలేదు.

"కూలి దొరికే పని మానేసి వచ్చారండి వీళ్ళు" అన్నాడు మెల్లగా. "మా వీధికి చేరినవాళ్ళంతా ఎక్కడో ఎవరో మొహం మీద తలుపేస్తే వచ్చినవాళ్ళే సార్. తింటే పక్కన ఎవరూ ఉండరు, జ్వరమొస్తే ఉండరు. ఒక్కళ్ళే ఉంటే నేను చూడలేను. అందుకే ఎవరో ఒకర్ని లాక్కొచ్చి పెడుతుంటాను. ఈవేళ మనుషులు చాలలేదు. అందుకని తిప్పాను. తప్పే."

అన్నగారు సంచీ తీసుకుని, వంటింట్లోంచి వెనక గుమ్మం గుండా బయటికి వెళ్ళిపోయారు.

దుప్పటి వణకడం ఆగిపోయింది. "వెళ్ళిపోయాడా?" అంది డాన్సరమ్మ లోపల్నుంచి. కిటుకు బయటపడ్డా ఏం చేయాలో తోచక జనం ఇంకా తిరుగుతూనే ఉన్నారు. విగ్గులావిడ వచ్చింది. ఆకుపచ్చ చొక్కా వచ్చాడు, పాపం మళ్ళీ అదే చొక్కాతో. అతని వెనకే, వరసలో, సంచీ చంకన పెట్టుకుని అన్నగారు వచ్చారు.

గుమ్మంలో చెప్పులు విడిచారు. ఇందాక విడవలేదు. అప్పుడే ఆ ఇంటికి వచ్చిన మనిషిలా నడిచి మంచం తలవైపు నిలబడ్డారు. డాన్సరమ్మ దుప్పటి తీసి చూసింది.

"మీరేం అవుతారండీ?" అంది.

ఆయన సంచీ కింద పెట్టారు. "అన్నయ్యని" అన్నారు.

"కొత్త ముఖంలా ఉందే" అందామె. "కూర్చో. నిలబడితే నడుం నొప్పి కదూ నీకు."

ఆయన ఈసారి కుర్చీలో కూర్చోలేదు. మంచం మీదే కూర్చున్నారు. నేనింకా బాగా వినపడే చోటుకి జరుగుదామని చూస్తున్నాను. ఇంతలో బాబాయ్ చప్పుడు చేయకుండా చప్పట్లు కొట్టినట్టు చేతులూపాడు. షూటింగులో జనాన్ని పంపేసే సైగ అది. ఒక్కొక్కళ్ళనీ భుజం తట్టి బయటికి తోశాడు. ఖాళీ కుర్చీ కూడా తనే మోసుకొచ్చి వరండాలో పడేశాడు.

"నన్ను కూడానా?" అన్నాను.

"మీరే ముందు వదినా" అన్నాడు, తలుపు దగ్గరికి వేస్తూ.

అన్నగారు ఆదివారం వచ్చిన బండికి తిరిగి వెళ్ళలేదు. ఆమె ఉన్నన్నాళ్ళూ ఆ వాటాలోనే ఉన్నారు. రెండో రోజు ఎదురు మేడ కేకలకి కర్ర పట్టుకుని పరిగెత్తినాయన, వారం తిరిగేసరికి కిటికీలోంచి "ఇంకొంచెం ఊపిరి తీసుకుని అరువమ్మా" అనేదాకా వచ్చారు. డాన్సరమ్మ ఒక తెల్లవారుజామున అన్నగారి చేతిలో చెయ్యి ఉండగానే పోయింది. ఆ పొద్దున యుద్ధం నుంచి అందరూ దిగారు. సందు పట్టలేదు జనం. ఎవర్ని ఎక్కడ నిలబెట్టాలో చూడాల్సిన మనిషి మాత్రం గోడకి ఆనుకుని, చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని, చంటిపిల్లాడిలా ఏడుస్తున్నాడు. అన్నగారే వెళ్ళి ఆయన్ని తీసుకొచ్చి తన పక్కన నిలబెట్టుకున్నారు.

ఊరికి వెళ్ళే రోజు అన్నగారు మా ఇంటికి చెప్పిపోదామని వచ్చారు. అన్నాళ్ళు ఆపుకున్నాను, ఇంక నావల్ల కాలేదు.

"ఆ ఆదివారం తలుపు వేశాక, మీరిద్దరూ ఏం మాట్లాడుకున్నారండీ?"

ఆయన నాకేసీ, నా గడ్డం మీద పుట్టుమచ్చకేసీ చూశారు.

"ఆ రైలు పెట్టెలోకి మీకు టికెట్టు లేదండి" అన్నారు. "మీ చెల్లెలుగారికి కూడా లేదు."