ఒడిలో స్టార్టింగ్ హ్యాండిల్

బోరబండ బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒడిలో వంకర ఇనుప హ్యాండిల్ ఉంది.

"ఏంది తాతా, దాన్ని తిప్పి మా బస్సును స్టార్ట్ జేస్తవా?" అని కండక్టరమ్మ నవ్వింది.

ఆయనా నవ్వి, నా వైపు తిరిగాడు. "నా పాత చైన్ ట్రాక్టర్‌ది బిడ్డా. చక్రాలుండవు, గొలుసుల మీద నడుస్తది. తుక్కుల దొరికితే బాగుజేసుకున్న. సినిమా షూటింగుకు కిరాయికిస్తే, ఇప్పుడు మంటలల్లకు నడిపి కాలవెడ్తరంట. హ్యాండిల్ లేకుంటే అది లేవదు. తెమ్మన్నరు."

ఫిల్మ్‌నగర్ స్టాపు వచ్చింది. ఆయన సగం లేచాడు.

"ఇవ్వకండి తాతా," అన్నాను. కొత్తవాళ్ల ముందు ఎప్పుడూ నోరు పెగలని నేను, నా అంతట నేను వాళ్లతో అన్న మొదటి మాట అదే.

ఆయన మళ్లీ కూర్చున్నాడు. బస్సు కదిలింది. ఎండ పడుతున్న ఒడిలో హ్యాండిల్‌ను మెల్లగా ఒక చుట్టు తిప్పాడు. ఎక్కడో ఇంజను లేచినట్టు వినిపించింది.

ఇప్పటికీ నోరు పెగలనప్పుడు ఆ చప్పుడు కోసం కాసేపు ఆగుతాను.